మీ విలువల జాబితాలో మేమెక్కడ?

పోయిన నెల మా హైస్కూలుకి ఒకాయన వచ్చాడు. వ్యక్తిత్వ వికాస నిపుణుడట. ఇస్త్రీ చొక్కా, చేతిలో మైకు, గోడ మీద బొమ్మలు చూపించే మిషను. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి తలా ఒక కాగితం పంచాడు. కాగితం మీద నలభై మాటలు. నిజాయితీ, క్రమశిక్షణ, వినయం, సమయపాలన, సహనం, కృతజ్ఞత, ఆశావాదం, ఆత్మవిశ్వాసం, నాయకత్వం... ఇట్లా. "వీటిలో మీకు ప్రాణమనిపించేవి ఐదు ఎంచుకోండి. అవే మీ విలువలు. విలువలు తెలిస్తే జీవిత లక్ష్యం తెలుస్తుంది. లక్ష్యం తెలిస్తే విజయం మీ వెంటే నడుచుకుంటూ వస్తుంది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. హెడ్మాస్టరు శాలువా కప్పాడు.

సాయంత్రం ఆ కాగితాలు పోగేసి చూస్తే అందరూ నిజాయితీ, క్రమశిక్షణ, వినయం అని వరసగా టిక్కులు పెట్టి ఉన్నారు. పరీక్షలో ఏది రాస్తే మార్కులొస్తాయో పిల్లలకు బాగా తెలుసు. ఒక్క కాగితం మీద మాత్రం టిక్కు లేదు. పల్లె నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లది. జాబితా కింద ఖాళీ జాగాలో పెన్సిలుతో ఒకే ఒక్క ముక్క రాసింది.

"మా అమ్మ వండింది అందరూ తినాలి."

ఈ ముక్క ఆ నలభై మాటల్లో దేని కింద వస్తుందో ఆ నిపుణుడు చెప్పలేడు. మేం చెప్పగలం. ఎందుకంటే ఈ ముక్క వెనకున్న కేసులో ముద్దాయిలం మేమే.

ఆ పిల్ల తల్లి మా బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. మాదిగామె. నాలుగేళ్ల కిందట ఆమెను వంటకు పెట్టిన మూడో రోజుకే ఊళ్లో పిల్లలు కొందరు క్యారేజీలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి సగం మంది పైనే. ఏందిరా అంటే "కడుపులో నొప్పి సార్" అంటాడొకడు. "మా నాయనమ్మ తినొద్దంది సార్" అంటాడింకొకడు. వీళ్లు పెత్తందార్ల పిల్లలు అనుకునేరు. కాదు. ఆ పిల్లలు ఎప్పుడో పచ్చ బస్సెక్కి కాన్వెంటుకి పోయారు. క్యారేజీలు తెచ్చింది మన బీసీ అన్నదమ్ముల పిల్లలు. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ల పిల్లలు. సర్కారు బడి పేదల బడి అయిపోయింది గదా, ఇక్కడన్నా కులం కాస్త తగ్గుద్ది అనుకున్నాం. కులం పేదవాడింట్లో కూడా కాపురముంటదని మర్చిపోయాం.

బళ్లలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆర్డరు వేసింది. 2004 ఏప్రిల్ 20న ఇంకో ఆర్డరులో, వంటవాళ్లను పెట్టుకునేటప్పుడు దళితులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వమన్నది. ఆ ఆర్డరు కాగితంగా మా ఆఫీసు బీరువాలో ఉంది. అమలు జరగాల్సింది పొయ్యి దగ్గర.

మరి మేమేం చేశాం? మీటింగు పెట్టాం. స్టాఫు రూము తలుపులేసుకుని. ఎనిమిది మంది పంతుళ్లలో ముగ్గురం పల్లెల నుంచి వచ్చినవాళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ ముఖం మొదట చూసింది మేమే. "గొడవెందుకు, ఆమెను గిన్నెలు తోమే పనికి మారుద్దాం, వంటకి ఇంకొకామెను చూద్దాం, జీతం మాత్రం తగ్గకుండా చూద్దాం" అన్న మాట ఆ మీటింగులో పుట్టింది. ఆ మాటన్నది ఊరోళ్లు కాదు. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ ఫొటోకి దండేసే మా ముగ్గురిలో ఒకరు. మిగిలిన ఇద్దరం కాదనలేదు. కాదనని వాళ్లం అన్నవాడి కంటే తక్కువేం కాదు.

ఆమెను పిలిచి చెప్పాం. కొంగుతో చేతులు తుడుచుకుంటా విన్నది.

"అంట్లు తోమితే అంటు పోద్దా సారూ?" అన్నది.

మాకు నోట మాట రాలేదు. ఆమె ఆగలేదు. "డబ్బులు తగ్గనీయమంటున్నారు. ఇంటికాడ కూర్చోబెట్టి ఇచ్చినా నాకొద్దు. ఇయ్యాల నేను తప్పుకుంటే రేపు నా పిల్ల ఈ బళ్లో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటది? నేను వండుతా. తినేవాళ్లు తింటారు, తిననోళ్లు మానతారు. పొయ్యి దగ్గర నుంచి మాత్రం నేను లేవను" అని పోయి పొయ్యి ముట్టించింది.

ఆమె వేలిముద్ర మనిషి. ఆమె ముందు ఎవరూ నలభై మాటల కాగితం పెట్టలేదు. తనకేది ముఖ్యమో ఆమెకు తెలుసు. దాన్నిబట్టి రేపు పొద్దున్నే ఏం చెయ్యాలో కూడా తెలుసు. బీఎడ్లు, ఎమ్మేలు చేసిన మాకు తెలియలేదు. నిపుణుడి లెక్క ప్రకారం మాకు లక్ష్యముంది, ప్రమోషనుంది, టౌన్లో ఇంటి స్థలముంది. ఆమెకేమీ లేదు. నిపుణుడి లెక్కలో ఎక్కడో పొరపాటుందని అప్పుడన్నా అనుమానం రాకపోతే మేం పంతుళ్లమెట్లా అవుతాం?

విలువలు చీరల కొట్లో చీరలు కావు, పరిపించుకుని నచ్చినవి ఐదు ఏరుకోవడానికి. మనం దేన్ని మింగలేమో, ఎక్కడ గొంతుకు అడ్డం పడుతుందో అక్కడ మన విలువ దొరుకుద్ది. ఆమెకు అంట్ల దగ్గర దొరికింది. ఆ పిల్లకు క్యారేజీల దగ్గర దొరికింది.

ఇక ఆ జాబితా సంగతి చూద్దాం. వినయం, సహనం, కృతజ్ఞత. ఇవి మాకు కొత్తగా నేర్పాలా? మా తాతలు పాలేర్లు. వాళ్లకు దొరలిచ్చిన సర్టిఫికెట్లన్నీ ఇవే. "మంచోడు, నమ్మకస్తుడు, తలెత్తి మాట్లాడడు, పెట్టింది తింటాడు." దొడ్లో ఎద్దుకి కూడా ఇదే సర్టిఫికెట్. మూడు తరాలు ఈ సుగుణాలు మోసి మా వెన్ను వంగిపోతే, ఇప్పుడు మా మనవళ్లకు మళ్లీ అవే మూటగట్టి వ్యక్తిత్వ వికాసం అంటున్నారు. సమయపాలనంట! మిరపకాయ కోతలకు పోయే ఆటో తెల్లారకముందే పల్లె మొగదల హారను కొడుతుంది. అప్పటికే ఆ తల్లి నీళ్లు పట్టి, అన్నం వండి, పిల్లకు జడేసి ఉంటుంది. ఆమెకు గడియారం చూడ్డం నేర్పుతాడట ఈయన. నాయకత్వమంట! రిజర్వుడు సీట్లో గెలిచిన మన సర్పంచి నిలబడితే పెత్తందారు కుర్చీలో కూర్చునే పంచాయితీలు మనం చూడలేదా?

అన్నిటికంటే మాకు మండింది ఒకచోట. జాబితాలో ఆత్మవిశ్వాసం ఉంది. ఆత్మగౌరవం లేదు. నలభై మాటల్లో దానికి చోటు చాలలేదా? అదేం పొరపాటున జారిపోయిన మాట కాదు. ఆత్మవిశ్వాసమంటే నువ్వొక్కడివే నిచ్చెనెక్కుతావు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆత్మగౌరవమంటే నిచ్చెన ఎవరు పట్టుకున్నారు, ఎందుకు పట్టుకున్నారు, కింద మెట్టు మీద ఎవర్ని తొక్కుతున్నారు అని అడగాల్సొస్తుంది. సమానత్వం కూడా లేదు ఆ కాగితంలో. ప్రశ్నించడం లేదు. తోటిమనిషి లేడు.

మీ విలువలేంటో తెలుసుకోండి అన్న ప్రశ్నే తప్పని మేం అనడం లేదు. ఆ ప్రశ్న మనదే. బాబాసాహెబ్ అంబేద్కర్ 1954 అక్టోబరు 3న ఆలిండియా రేడియోలో తన జీవన తాత్వికత గురించి మాట్లాడాడు. ప్రతి మనిషికీ తన నడవడిని కొలుచుకునే కొలబద్ద ఒకటి ఉండాలన్నాడు. అక్కడితో ఆపి ఐదు ఎంచుకోండి అనలేదు. ముందు తాను దేన్ని కాదంటున్నాడో చెప్పాడు. గుణాల పేరుతో మనుషుల్ని మెట్లు మెట్లుగా నిలబెట్టే గీత తాత్వికతను కాదన్నాడు. ఆ తర్వాతే స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మూడు మాటలు చెప్పాడు. వీటిని ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదని, తన గురువు బుద్ధుడి నుంచి తీసుకున్నానని చెప్పాడు. మూడింట్లో సౌభ్రాతృత్వానికి పెద్దపీట వేశాడు. నిపుణుల వారి కాగితంలో లేని తోటిమనిషి ఇక్కడున్నాడు చూడండి.

ఆ మూడు మాటలు ఆయనకు ఏ వర్కుషాపులో దొరకలేదు. 1917లో, కొలంబియాలో, లండన్లో చదివొచ్చిన మనిషి, స్కాలర్‌షిప్పు ఒప్పందం ప్రకారం కొలువు చెయ్యడానికి బరోడా పోతే ఉండటానికి ఇల్లు లేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని డజను మంది వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. హిందూ మిత్రుణ్ణి అడిగాడు, క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు, ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. కామాఠీ బాగ్ తోటలో గంటల కొద్దీ కూర్చుని రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ సంగతి తలుచుకుంటే కన్నీళ్లొస్తాయని రాసుకున్నాడు.

ఇక్కడ మేం ఒకటి ఒప్పుకోవాలి. టౌన్లో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు "ఏమిట్లు?" అని ఇంటాయన అడిగితే మాలో ఒకరిద్దరం వేరే కులం పేరు చెప్పినవాళ్లం. పిల్లల చదువులు, బస్సు సౌకర్యం, నీళ్ల పంపు, కారణాలు చాలా ఉన్నాయి. బాబాసాహెబ్ కూడా పేరు మార్చే దిగాడు గదా అని మమ్మల్ని మేం ఓదార్చుకోవచ్చు. కానీ ఆయన ఆ సంగతి దాచలేదు, లోకమంతా చదివేట్టు రాసిపెట్టాడు. పదేళ్లు తిరగకుండా, 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువు మెట్లు దిగాడు. ఆ చెరువు నీళ్లు అందరివీ అని అక్కడి మునిసిపాలిటీ అంతకుముందే తీర్మానం చేసి ఉంది. మా బీరువాలో ఆర్డరు లాగానే అదీ కాగితం మీదే ఉంది. ఆ దోసెడు నీళ్లతో కాగితం బతికింది. ఆ డిసెంబరు 25న అదే ఊళ్లో మనుస్మృతిని తగలబెట్టారు. మేం మాత్రం అద్దె ఇంటి కులం పేరు ఇంకా మార్చలేదు. కరెంటు బిల్లు లాగా నెలనెలా ఆ అబద్ధానికీ కట్టుకుంటూ వస్తున్నాం.

మన నేల మీదికి రండి. 1985 జులైలో కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలకు కుడితి పెట్టిన బక్కెట్లు కడుగుతున్నారు. ఇదేంటని అడిగిన కుర్రాడి మీదికి చెయ్యెత్తారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డంపోయింది. తన మీదికి దెబ్బ వస్తే చేతిలో బిందె ఎత్తింది. ఆ ఒక్క బిందెకు జవాబుగా మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరారు.  ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం గారు ఆ పదవి వదులుకుని కారంచేడు జనం పక్కన నిలబడ్డారు. మంచి పదవే అది. నిపుణుల భాషలో చెప్తే విజయం.

సువార్త చేతిలో ఉన్నది నీళ్ల బిందె. మా వంటమ్మ చేతిలో ఉన్నది గరిటె. సత్తు సామాన్లు రెండూ. మా చేతుల్లో సుద్దముక్కలున్నాయి, జీతం బిల్లులున్నాయి, ఆర్డరు కాపీలున్నాయి.

విలువకు ఖరీదుంటుంది. ఖరీదు కట్టనంతకాలం అది విలువో, గోడ మీది సూక్తో తేలదు. 1951 సెప్టెంబరులో బాబాసాహెబ్ కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. హిందూ కోడు బిల్లును ముందుకు పోనివ్వకపోవడం అందుకు పెద్ద కారణం. ఆ బిల్లు హిందూ ఆడవాళ్ల హక్కుల కోసం. తన కులం వాళ్ల కోసం మాత్రమే కాదు. పూనాలో 1848లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన సావిత్రిబాయి ఫూలే మీద దారిపొడుగునా పేడ, బురద విసిరేవాళ్లు. ఆమె బడికి రెండో చీర పట్టుకుపోయేది. దారిలో తడిసిన చీర మార్చుకుని పాఠం చెప్పేది. మేం ఆమె వృత్తిలోనే ఉన్నాం. మా మీద ఎవరూ పేడ విసరలేదు. స్టాఫు రూములో ఒక మాట పడుద్దేమో, ఊళ్లో పాలు పోసేవాడు మానేస్తాడేమో అన్న భయానికే తలుపులేసుకున్నాం.

ఇంకొక చేదు ముక్క కూడా చెప్పాలి. మా ముగ్గురిలో మాలలున్నారు, మాదిగలున్నారు. ఊళ్లో పిల్లలు తినలేదని మేం బాధపడ్డాం సరే. మరి మాల ఇళ్లల్లో మాదిగామె వండింది తింటారా? పెళ్లిళ్లలో చూడలేదా మనం, ఎవరి బంతి వాళ్లది? మా వాళ్లలో ఒకాయన తల్లికి ఈ సంగతి చెప్తే, "నువ్వు తిన్నావా అక్కడ?" అని అడిగిందట. ఆ అడగడంలో ఏముందో మనందరికీ తెలుసు. అందరూ మన మీద నిచ్చెన వేశారని మొత్తుకుంటాం, మన కాలి కింద మెట్టు గురించి మాట్లాడం. సౌభ్రాతృత్వం అన్న మాట ఎవరో దొరల కోసం బాబాసాహెబ్ చెప్పాడనుకుంటున్నామా?

ఆమె పొయ్యి ముట్టించిన మర్నాటి సంగతి చెప్తాం. మధ్యాహ్నం బెల్లు కొట్టాక మేం ముగ్గురం కంచాలు పట్టుకుని పిల్లల వరసలో కూర్చున్నాం. మేం ఆమె చేతి అన్నం తినడం అదే మొదలు! అప్పటిదాకా ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీలు స్టాఫు రూములో తినేవాళ్లం. పిల్లలు క్యారేజీలు తెచ్చుకుంటున్నారని మీటింగు పెట్టింది క్యారేజీలు తెచ్చుకునే పంతుళ్లు! ఇది మాకు అంతకుముందు తట్టనే లేదంటే మీరు నమ్ముతారా? ఆమె అన్నం వడ్డించింది, పప్పు పోసింది. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేకపోయాం. రెండో రోజు లెక్కల మాస్టారొచ్చి కూర్చున్నాడు. ఆయన మన కులం కాదు, మన సంఘం కాదు, "ఆకలేస్తుందయ్యా" అంటా వచ్చి కూర్చున్నాడు, అంతే. వారానికి పిల్లలు ఒక్కొక్కరే క్యారేజీ పక్కన పెట్టి కంచం పట్టుకున్నారు.

అందరూ కాదు. కులం అంత మర్యాదగా పోతే ఈ పత్రికలెందుకు? ఇద్దరు తండ్రులు టీసీలు తీసుకుపోయారు. పిల్లల చేత బలవంతంగా తినిపిస్తున్నామని మా మీద అర్జీలు పోయాయి, సంజాయిషీలు రాశాం. ఇప్పటికీ పదకొండు మంది క్యారేజీలు తెచ్చుకుంటున్నారు. వాళ్లను మేం తిట్టడం లేదు, బతిమాలడం లేదు. వాళ్ల పక్కనే కూర్చుని తింటున్నాం.

ఈ నాలుగేళ్లలో మాకొక పని దొరికింది. లక్ష్యం అనే పెద్ద మాట వాడటానికి భయమేస్తుంది గాని, పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది. బడి విడిచాక పల్లెలో పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్తున్నాం. క్యారేజీల పిల్లలు కూడా ఇద్దరు వస్తున్నారు. పల్లెలోకి వస్తారు, చాప మీద కూర్చుంటారు, మంచినీళ్లు మాత్రం సీసాలో తెచ్చుకుంటారు. చూస్తున్నాం.

ఆ పిల్ల కాగితాన్ని మేం నిపుణుడికి పంపించాం. ఈ విలువ మీ జాబితాలో ఎన్నో నంబరు కింద వేసుకోవాలో చెప్పమని అడిగాం. జవాబు రాలేదు. బహుశా ఇంకో బళ్లో మైకు పట్టుకుని ఉంటాడు. ఆయన మీద మాకు కోపం లేదు. ఆయన చెప్పేదానికి చప్పట్లు కొట్టే దళిత టీచర్ల మీద కోపం. అంటే మా మీద మాకే. చదువుకున్న మనవాళ్లు తనను నిరాశపరిచారని 1956లో ఆగ్రాలో బాబాసాహెబ్ బాధపడింది మన గురించే.

ఎండాకాలం సెలవుల్లో మా మండలంలో దళిత ఉపాధ్యాయులం ఒకచోట కూర్చుంటున్నాం. ఉపన్యాసాలు లేవు, శాలువాలు లేవు. వచ్చేవాళ్లు ఒక కాగితం రాసుకుని రండి. మీ బళ్లో వంట ఎవరు వండుతున్నారు? ఎవరు తింటున్నారు? ఎవరు తినడం లేదు? మధ్యాహ్నం మీరెక్కడ కూర్చుని, ఎవరు వండింది తింటున్నారు? అద్దె ఇంట్లో ఏ కులం చెప్పారో కూడా రాస్తే మేం రాసింది చదివి వినిపిస్తాం. ఆ రోజు వంట మా బడి వంటమ్మదే. ఆమెను అడిగాం, ఒప్పుకున్నది. "ఎంతమంది వస్తారో ముందే చెప్పండి సారూ, బియ్యం కొలుచుకోవాల" అన్నది. కాబట్టి వచ్చేవాళ్లు వారం ముందు చెప్పండి.

జై భీమ్!